పదిహేడో తేదీ వెనకవైపు

మా ప్రెస్సులో ఏడాదిని వెనక్కి నడుస్తారు.

రోజుకొక కాగితం చింపే గోడ కేలండర్లు మేం వేసేవి. అచ్చయిన పెద్ద షీట్లు కోతమిషను మీద అరచెయ్యంత ముక్కలయ్యాక, వాటిని మూడువందల అరవై అయిదు దొంతరలుగా పొడవాటి బల్లల మీద వరసగా పేరుస్తారు. అయిదుగురు ఆడవాళ్ళు వేలికి రబ్బరు తొడుగు వేసుకుని, డిసెంబరు ముప్పై ఒకటి దగ్గర మొదలుపెడతారు. ఒక్కో దొంతర మీంచి ఒక్కో కాగితం తీసి, ఎడమచేతిలో ఉన్నవాటి మీద పెట్టుకుంటూ నడుస్తారు. ఆఖరి రోజు అడుగున ఉండాలి కాబట్టి ఆఖరి నుంచే మొదలు. గదంతా చుట్టి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి చేతిలో ఒక ఏడాది ఉంటుంది, దాని పైన జనవరి ఒకటి. దాన్ని, కట్టకి తీగ కుట్టే ఆయన ముందు పెట్టి మళ్ళీ డిసెంబరుకి వెళ్తారు.

ఒక చుట్టుకి పావుగంట. ఆ గదిలో మాటలు తక్కువ. ఏమరుపాటున ఒక దొంతర దాటిపోతే ఎవరింట్లోనో ఒక రోజు పోతుంది. కాగితాల గరగరా, చెప్పుల్లేని పాదాల చప్పుడూ తప్ప ఏమీ వినిపించదు. కిటికీలోంచి పడే ఎండ పొద్దున ఆగస్టు మీద ఉంటుంది, సాయంత్రానికి మెల్లగా మే మీదికి జారుతుంది. పని లేనప్పుడు నేను గుమ్మంలో నిలబడి చూస్తాను. కాసేపయ్యాక వాళ్ళు నడవడం లేదనీ, ఉన్నచోటే ఉన్నారనీ, రోజులే వాళ్ళ చేతుల కిందనుంచి జారి వెనక్కి పోతున్నాయనీ అనిపిస్తుంది. అట్లా పోతూ ఉంటే ఎక్కడిదాకా పోవచ్చో ఊహించుకుంటాను. ఎప్పుడూ ఒకేచోట ఆగిపోతాను.

నా పని కాగితం వెనకవైపు. ముందు అంకె, నెల, వారం ఉంటాయి. వెనక నాలుగు వాక్యాలు. ఆ తేదీన ఎప్పుడో ఎక్కడో ఏం జరిగిందో, ఎవరు పుట్టారో, ఏ వంతెన తెరిచారో, ఏ పక్షి ఆఖరిసారి కనిపించిందో. నాలుగుకి తగ్గకూడదు, అయిదోది పట్టదు. ఇరవై రెండేళ్ళుగా ఇదే చేస్తున్నాను. ప్రెస్సులో అందరూ నన్ను 'వెనకాయన' అంటారు. వెనకాల కాదు, మొహం మీదే అంటారు.

ఆ రోజు పదకొండు గంటలప్పుడు జనవరక్క నా గదిలోకి వచ్చింది. కాగితాలు ఏరే వాళ్ళందరిలో ఆమే ముందు జనవరికి చేరుతుంది, అందుకని ఆ పేరు. రోజుకి ఇరవై ఏళ్ళు వెనక్కి నడుస్తున్నా తన మోకాళ్ళకి మాత్రం వయసు తగ్గట్లేదని ఎప్పుడూ దెప్పుతూ ఉంటుంది, అదేదో నా తప్పయినట్టు.

"వెనకాయనా, ఒక మాట అడుగుతా, కోప్పడవుగా?"

"అడుగు."

"నీకు కళ్ళు పోయాయా, బుర్ర పోయిందా?"

చేతిలో ఉన్న రెండు కాగితాలు బల్ల మీద బోర్లా పెట్టింది. రెండూ మరకలు పడి పక్కన పారేసినవి. ఒకదాని మీద టీ గ్లాసు చేసిన గుండ్రం ఇంకా తడిగా ఉంది.

"గ్లాసు కింద పెట్టుకుందామని తీశా. టీ చల్లారేలోపు చదువుదాం అనుకున్నా. చదువు, నువ్వూ చదువు."

చదివాను. ఒక ద్వీపం కొసన దీపస్తంభం మొదటిసారి వెలిగింది. దిక్సూచీలు చేసే ఒకాయన పుట్టాడు. ఆడవాళ్ళ సైకిలు పందెం మొదటిసారి జరిగింది. ఎడారి మధ్య ఒక ఊళ్ళో మంచు కురిసింది. రెండో కాగితం చదివాను. దీపస్తంభం, దిక్సూచీ, సైకిలు, మంచు.

"ఇప్పుడు తిప్పి చూడు."

తిప్పాను. ఒకటి అక్టోబరు పద్దెనిమిది. ఇంకొకటి అక్టోబరు పదిహేడు.

"ఒకే రోజుని రెండుసార్లు అంటగడుతున్నావేంటి జనానికి?" అంది జనవరక్క. నవ్వబోయి నా మొహం చూసి ఆపేసింది. "ఏమైంది? నీళ్ళు తేనా?"

ఓనరుగారు వచ్చారు. ఆయనకి రెండు కళ్ళజోళ్ళు ఉన్నాయి. ఒకటి పెట్టుకుని రెండోదాన్ని వెతుకుతూ ఉంటారు, అది నెత్తి మీదే ఉంటుంది. కాగితాలు రెండూ వెలుతురుకి ఎత్తి చూశారు.

"ఇరవై రెండేళ్ళలో ఒక్క తప్పు లేదు. చేస్తే ఇంత పెద్దదా చెయ్యడం? ఇంతకీ ప్రూఫు చూసినవాడు ఏం చేస్తున్నట్టు?"

"ప్రూఫు చూసిందీ నేనేనండి."

"అదీ సంగతి. వాడు నీ మాట నమ్మేశాడు." ఆయన కోపంగా లేరు. అదే ఇబ్బందిగా ఉంది. "సరే, పదిహేడు దొంతర తీయించేస్తున్నా. నాలుగింటికి మిషను ఖాళీ అవుతుంది. ఆలోపు నాలుగు వాక్యాలు ఇవ్వు."

"మరి మేం?" అంది జనవరక్క.

"డిసెంబరు నుంచి పద్దెనిమిది దాకా ఏరి, అక్కడ ఆగండి. మిగతాది రేపు."

వాళ్ళు వెళ్ళాక సొరుగు లాగాను. తేదీకొక కవరు ఉంటుంది నా దగ్గర. ఎక్కడ ఏ చిన్న సంగతి కనిపించినా చీటీ రాసి ఆ తేదీ కవర్లో పడేస్తాను. ఇరవై రెండేళ్ళలో అవన్నీ ఉబ్బిపోయాయి. కొన్నిటికి తాడు కట్టాల్సి వచ్చింది. అక్టోబరు పదిహేడో కవరు మాత్రం కొన్న రోజున ఎలా ఉందో అలాగే, పలచగా, అంచులు వాడిగా ఉంది. లోపల ఏమీ లేదు.

నాకంటే ముందు ఈ పని చేసినాయన రాసిన నాలుగు వాక్యాలనే ఆ తేదీకి ఏటా మార్చకుండా పంపుతూ వచ్చాను. ఈసారి ఓనరుగారు ఏడాది మొత్తం కొత్తగా రాయమన్నారు. చదివేవాళ్ళు పాతవి గుర్తుపట్టేస్తున్నారట. సరేనన్నాను. పద్దెనిమిది రాసిన రోజు బాగా గుర్తుంది. మంచు వాక్యం దగ్గర సిరా అయిపోయింది. పదిహేడు రాసిన రోజు కూడా గుర్తుంది, ఇంకొక రోజు, ఇంకొక కలంతో. దీపస్తంభం గురించి రాస్తూ ఎంత బాగుందో అనుకున్నాను. మరిచిపోయి ఉంటే ఖాళీ కాగితం మిగిలేది. నేను మరిచిపోలేదు. నా లోపల ఎవరో చాలా శ్రద్ధగా, తప్పు పట్టడానికి వీల్లేకుండా, ఆ రోజు మీద పక్క రోజుని కప్పారు. ఆ ఎవరో నా చేతిరాతతోనే రాస్తారు.

మా ఇంట్లో అక్టోబరు పదిహేడు ఉండేది కాదు. చిన్నప్పుడు ఈ సంగతి నాకు వింతగా తోచలేదు. అమ్మ పొద్దున లేచి కేలండరు దగ్గరికి వెళ్ళి ముందురోజు కాగితం చింపేది. పదిహేడో తేదీ పొద్దున మాత్రం పదహారునీ పదిహేడునీ కలిపి ఒక్క లాగు లాగేది. వెంటనే పద్దెనిమిది కనిపించేది. మర్నాడు పొద్దున కేలండరు ముట్టుకునేది కాదు. అలా మా ఇంట్లో పద్దెనిమిది రెండు రోజులు ఉండేది.

ఆ మొదటి పద్దెనిమిది నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. గుమ్మంలో నిలబడతాను. లోపల పద్దెనిమిది. గడప అవతల వీధంతా పదిహేడు. పాల సీసాలవాడు పదిహేడులోంచి చెయ్యి చాపి పాలు ఇస్తాడు. బడికి వెళ్తే నల్లబల్ల మీద పదిహేడు రాసి ఉంటుంది, టీచరమ్మ చెయ్యి తెల్లగా సుద్దపొడితో. అక్కడున్నంతసేపూ నన్నెవరూ చూడటం లేదనిపించేది. ఇంటికి రాగానే ఒక రోజు పెద్దవాణ్ణయిపోయేవాణ్ణి. మర్నాడు నా పుట్టినరోజు. బడి రిజిస్టర్లో నా పుట్టిన తేదీ పద్దెనిమిది అనే ఉంది. అమ్మ అలాగే రాయించింది.

ఇరవయ్యో ఏట ఉద్యోగానికి ఆసుపత్రి కాగితం కావాల్సి వచ్చి, నాన్నా నేనూ వెళ్ళి తీయించాం. గుమాస్తా పదిహేడు అని రాసి ముద్ర వేశాడు. తప్పు పడిందండీ అన్నాను. నాన్న నా భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. మెట్లు దిగుతూ, నా వైపు చూడకుండా చెప్పాడు. "తప్పు కాదురా. నువ్వు పుట్టిన రోజే అన్నయ్య పోయాడు. నాలుగేళ్ళవాడు. అమ్మ దగ్గర ఎత్తకు." ఆయన అంతకంటే ఏమీ చెప్పలేదు. కొన్నేళ్ళకి ఆయనా పోయాడు.

నాకు అన్నయ్య ఉండేవాడని తెలిసిన రోజే, నేను వాడికి ఏమయ్యానో కూడా నాకు తెలిసిపోయినట్టు అనిపించింది. ఇద్దరం ఒకే తలుపు దగ్గర ఒకరినొకరు రాసుకుంటూ పోయాం, వాడు బయటికి, నేను లోపలికి. అమ్మ ఆ తలుపు మూసేసింది. మూసిన తలుపుకి ఏ పక్క ఉన్నానో నాకు అర్థం కాలేదు. వాడి కోసం ఆ రోజుని తీసేసిన మనిషికి నేను ఎప్పుడు పుట్టినట్టు? అడగలేదు. ముప్పై ఏళ్ళు అడగలేదు. అమ్మా నేనూ రెండు గదుల్లో ఉంటున్నాం, మా ప్రెస్సు కేలండరే గోడ మీద ఉంది, ఏటా అక్టోబరులో ఆమె రెండు కాగితాలు కలిపి చింపుతుంది. నేను వేరే వైపు చూస్తూ చెప్పులు వేసుకుంటాను. ఇప్పుడు నాకు యాభై దాటింది. ఆ ఒక్క మాటా ఆమె నోటితో వినకుండానే ఇద్దరిలో ఎవరో ఒకరం పోతామేమోనని ఈ మధ్య భయం పట్టుకుంది.

మరక కాగితాలు రెండూ జేబులో పెట్టుకుని ఇంటికి బయల్దేరాను.

అమ్మ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని కాజాలు కుడుతోంది. కింద దర్జీ కొట్టువాడు చొక్కాలు పంపిస్తాడు, ఆమె చేత్తో కాజాలు కుట్టి ఇస్తుంది. మిషను కాజా నెల తిరక్కుండానే పోగులు లేస్తుందనీ, తనది చొక్కా చిరిగాక కూడా ఉంటుందనీ గట్టి నమ్మకం. డెబ్బై అయిదేళ్ళ వయసులో సూదిలో దారం ఇప్పటికీ తనే ఎక్కిస్తుంది, నన్ను ఎక్కించనివ్వదు.

"ఏంట్రా ఈ వేళప్పుడు వచ్చావు? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది."

"బాగానే ఉంటే మనిషి ఒంటిగంటకి ఇంటికి ఎందుకొస్తాడు? ఉద్యోగం ఊడిందా?"

"లేదమ్మా."

"మరి ఆ మొహమేంటి, ఎవరో అరువిచ్చినట్టు."

కుర్చీ ముందు పీట లాక్కుని కూర్చున్నాను. కాగితాలు తీసి ఆమె ఒళ్ళో ఉన్న చొక్కా మీద పెట్టాను, అంకెలు పైకి ఉండేట్టు. ఆమె చూసింది. సూది కాజాలో సగం దిగి ఆగింది.

"వెనక ఒకే మేటరు పడింది," అన్నాను. "రాసింది నేనే. పదిహేడు మళ్ళీ అచ్చెయ్యాలి. నాలుగు వాక్యాలు కావాలి."

"నన్నడుగుతావేం? నీ పుస్తకాల్లో చూసుకో."

"అమ్మా, నేను ఆ రోజు పుట్టానా, లేదా?"

"పుట్టకపోతే ఎక్కణ్ణుంచి ఊడిపడ్డావు?" అంది. కానీ గొంతులో ఎప్పటి ఊపు లేదు. కాగితాలు పక్కకి పెట్టి సూది బయటికి లాగింది. దారం చివరిదాకా లాగి, ఇంకా లాగుతూనే ఉంది.

"మరి ఎందుకు చింపేస్తావు? నన్ను చూస్తే అన్నయ్య గుర్తొస్తాడనా?"

"ఎవరు చెప్పారు నీకు?"

"నాన్న."

"మీ నాన్నకేం తెలుసు?" సూదిని చొక్కాకి గుచ్చి వదిలేసింది. కిటికీలోంచి కిందికి చూసింది. కింద ఎవరో షట్టరు దించుతున్నారు. "వాడి కోసం ఏడవడానికి నాకు తేదీ ఎందుకురా? అది రోజూ ఉన్నదే. గిన్నె కడిగేటప్పుడు వస్తాడు, దారం తెంపేటప్పుడు వస్తాడు. నేను చింపేది వాడి కోసం కాదు."

"మరి?"

"ఆ రోజు నేను నవ్వాను."

ఆమె ఆ మాటని ఏదో నేరం ఒప్పుకున్నట్టు అంది. నాకు అర్థం కాలేదని గ్రహించి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పుకొచ్చింది. "జ్వరంతో ఉన్నవాణ్ణి మీ అత్తయ్య దగ్గర వదిలి ముందురోజు రాత్రే నేను ఆసుపత్రికి వెళ్ళాను. తెల్లవారి ఆరింటికి వాడు పోయాడు. బాలింతకి చెప్పొద్దన్నారట డాక్టరు. మీ నాన్న రోజూ వచ్చేవాడు, వాడెలా ఉన్నాడంటే ఆడుకుంటున్నాడు అనేవాడు. పదకొండు రోజులు ఆడుకుంటూనే ఉన్నాడు. పన్నెండో రోజు చెప్పారు."

"చెప్పాక వెనక్కి లెక్క వేసుకున్నా. ఆరింటికి వాడు. పదింటికి నేనేమో పడీ పడీ నవ్వుతున్నా. నా జన్మలో అంత నవ్వింది లేదు, అంతకుముందూ లేదు, తర్వాతా లేదు. ఒక తల్లికి తెలియొద్దట్రా? ఒంట్లో ఎక్కడో ఒకచోట చివుక్కుమనొద్దూ? ఏమీ అనలేదు. హాయిగా నవ్వాను. నిన్ను చూసుకుని ఇంకా నవ్వాను. ఆ రోజు తల్చుకుంటే ఇప్పటికీ ముందు నవ్వే వస్తుంది, తర్వాతే ఏడుపు. అందుకే దాన్ని ఇంట్లో ఉండనివ్వను."

ముప్పై ఏళ్ళుగా ఆ మూసిన తలుపు వెనక ఒక చావు ఉందనుకుని, దాని ముందు తలవంచుకుని నడిచాను. ఆమె అక్కడ దాచుకున్నది దొంగసొత్తు లాంటి ఒక సంతోషం. తనది అని చెప్పుకోనూ లేదు, పారెయ్యనూ లేదు. నాలో ఏదో చాలా పాత కండరం ఒకటి, బిగిసి ఉందని కూడా నాకు తెలియనిది, సడలుతున్నట్టు అనిపించింది.

"ఎందుకు నవ్వావు?"

"చెప్పను."

"అమ్మా."

"చెప్తే మళ్ళీ నవ్వొస్తుంది." పెదవి బిగపట్టింది. కొంచెంసేపటికి, "ఆ కాగితం ఇంకా అచ్చవలేదంటున్నావు. ఇప్పుడది ఎక్కడుంది?" అంది.

"ఎక్కడా లేదు. దొంతర తీసేశారు. బల్ల మీద అక్కడ ఖాళీ ఉంది."

"మీ ఆఫీసు ఎంతదూరం?"

"నడిస్తే ఇరవై నిమిషాలు."

"నా నడకకి?"

"గంట."

"అయితే కూర్చున్నావేం, లే."

ఇరవై రెండేళ్ళలో ఆమె నా ప్రెస్సు చూడలేదు. నేనూ ఎప్పుడూ రమ్మనలేదు. ఆమె నా మోచెయ్యి పట్టుకుంది, ఇద్దరం గోడల నీడ వెంట నడిచాం. ఎండ తెల్లగా, చప్పుడు లేకుండా ఉంది. సగం దించిన షట్టర్ల కింద కొట్లవాళ్ళు కునుకు తీస్తున్నారు. ఒక మంగలి తన ఖాళీ కుర్చీలోనే తను కూర్చుని అద్దంలో మమ్మల్ని చూశాడు, మేం అద్దంలోంచి దాటిపోయేదాకా చూశాడు. నేను మళ్ళీ చిన్నవాణ్ణయి ఆ గడప దాటి వీధిలోకి వచ్చేసినట్టు ఉంది. అయితే ఈసారి అమ్మ కూడా దాటింది. ఆమె అడుగు చిన్నది. ప్రతి మూడు అడుగులకీ ఒకసారి నా అడుగు ఆమె అడుగుతో కలిసేది, మళ్ళీ తప్పేది. మాట్లాడితే ఇదంతా చెదిరిపోతుందేమోనని ఇద్దరం మాట్లాడలేదు. మలుపు దగ్గర మాత్రం, "నీ చొక్కా కాజా ఎవడు కుట్టాడు, చూడు ఎలా ఏడ్చిందో," అంది.

ఏరే గదిలో పని ఆగిపోయి ఉంది. అయిదుగురూ అక్టోబరు బల్ల కింద నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. వాళ్ళ పక్కన పూర్తికాని ఏడాదులు, పైన పద్దెనిమిది అంకెతో, కట్టలు కట్టలుగా ఉన్నాయి.

"మా అమ్మ," అన్నాను.

"వెనకాయనకి అమ్మ ఉందా!" అంది జనవరక్క లేస్తూ. "ఇన్నాళ్ళూ పాత పుస్తకాల్లోంచి పుట్టాడనుకున్నాం. రా పెద్దమ్మా, కూర్చో."

అమ్మ కూర్చోలేదు. "ఎక్కడ?" అని నన్నడిగింది. చూపించాను. పద్దెనిమిది దొంతరకీ పదహారు దొంతరకీ మధ్య అరచెయ్యంత చోటు. చుట్టూ కాగితాల దుమ్ము పేరుకుంది. అక్కడొక్కచోట చెక్క శుభ్రంగా, నున్నగా ఉంది. అమ్మ అక్కడ అరచెయ్యి ఆనించి నిలబడింది, ఆ చెక్క వెచ్చగా ఉందో చల్లగా ఉందో చూస్తున్నట్టు.

నేను నా గదికి వెళ్ళి పెద్ద పుస్తకాలు దించాను. పదిహేడో తేదీ పేజీలు ఇరవై రెండేళ్ళలో నేను తెరవనివి, ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. విడదీస్తే మిగతా రోజుల్లాంటి రోజే. ఒక గాజు కార్మికుడు పుట్టాడు. ఒక నది దారి మార్చుకుంది. ఒక ఓడ, అందరూ మునిగిపోయిందనుకున్నది, రేవుకి తిరిగొచ్చింది. మూడు వాక్యాలు రాశాను. నాలుగోదానికి కలం కదల్లేదు. గడియారం మూడున్నర దాటింది. అవతలి గదిలోంచి అమ్మ గొంతు వినిపిస్తోంది. కాగితం పట్టుకుని వెళ్ళాను.

ఆమె ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది, చెయ్యి ఇంకా బల్ల మీదే. ఓనరుగారు కూడా గుమ్మంలో నిలబడి వింటున్నారు.

"...కొత్త లిఫ్టు. ఆ ఆసుపత్రికి అదే మొదటిది. ఆ రోజే ప్రారంభం. కింద రిబ్బను కట్టారు, పైన రెండో అంతస్తులో ముఖ్య అతిథులంతా నిలబడి ఉన్నారు. పెద్దమనిషి ఎవరో కిందనుంచి ఎక్కి పైకి రావాలి, వాళ్ళు చప్పట్లు కొట్టాలి. ఆ పెద్దమనిషి రాడు. నాకేమో నొప్పులు ఆగట్లేదు, మెట్లెక్కలేను. నర్సు చుట్టూ చూసింది, కత్తెర లేదు, రిబ్బన్ని పళ్ళతో కొరికి తెంపేసి నన్ను లోపలికి తోసింది."

"భలే మనిషి!" అంది జనవరక్క.

"లిఫ్టు తోలే ఆయన కొత్తవాడు, పాపం, ముందురోజే నేర్చుకున్నాడు. ఒక అంతస్తు దాటింది. టక్కుమని ఆగిపోయింది. అటూ కాదు ఇటూ కాదు, మధ్యలో. ఆయన జేబులోంచి ఒక కాగితం తీసి కళ్ళు మూసుకుని గట్టిగా చదవడం మొదలెట్టాడు. కళ్ళు మూసుకుని! 'తలుపు తెరవరాదు. దూకరాదు. ప్రయాణికులు ప్రశాంతముగా ఉండవలెను.' ఉండవలెను అంటాడు, వాడి మోకాళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. నొప్పొచ్చి నేను అరిస్తే వాడు కూడా అరుస్తాడు. నర్సు మా ఇద్దరినీ చూసి, 'ముందు ఎవరికి పురుడు పొయ్యమంటారు?' అంది. ఇంక చూడు, నేను నవ్వడం..."

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. అమ్మ కూడా నవ్వింది, మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తర్వాత చెయ్యి తీసేసి. నేను యాభై ఏళ్ళలో వినని నవ్వు అది. కళ్ళలోంచి నీళ్ళు కారేదాకా నవ్వి, ఒక్కసారిగా ఆగింది.

"అప్పటికి మా పెద్దవాడు పోయి నాలుగు గంటలు. నాకు తెలియదు."

జనవరక్క రబ్బరు తొడుగు వేలినుంచి తీసి, మళ్ళీ పెట్టుకుంది. ఓనరుగారు కళ్ళజోడు తుడవడం మొదలుపెట్టారు. అమ్మ నావైపు చూసింది. ఆ చూపులో, ఆపెయ్యనా అని అడుగుతున్నట్టు ఉంది.

"తర్వాత లిఫ్టు కదిలిందా, పెద్దమ్మా?" అని అడిగింది జనవరక్క.

అమ్మ కాస్త ఊపిరి తీసుకుంది.

"కదిలింది. పైన తలుపు తెరుచుకుంది. బ్యాండువాళ్ళు లోపల ఎవరున్నారో చూడనన్నా చూడలేదు, వాయించేశారు. అంతా చప్పట్లు కొట్టారు. తీరా చూస్తే నేను! చప్పట్లు ఆగిపోయాయి కానీ బ్యాండుకి ఎవరూ ఆపమని చెప్పలేదు. నన్ను గదిలోకి తీసుకుపోయి తలుపేసినా వాయిస్తూనే ఉన్నారు. వీడు పుట్టేదాకా వినిపిస్తూనే ఉంది." నా చెయ్యి పట్టుకుని లాగింది. "నువ్వు ఏడవలేదు తెలుసా? విన్నావు. తల ఇట్లా పక్కకి పెట్టి విన్నావు."

నేను బల్ల అంచు పట్టుకున్నాను.

"వెనకాయనా," అన్నారు ఓనరుగారు మెల్లగా, "నాలుగోది ఉందా?"

"ఉందండి."

అక్కడే, అక్టోబరు బల్ల మీద, ఆ ఖాళీచోట కాగితం పెట్టి రాశాను. రాస్తూనే పైకి చదివాను. "ప్రసూతి ఆసుపత్రిలో తొలి లిఫ్టు ఉదయం పది గంటలకు ఒక గర్భిణితో రెండో అంతస్తు చేరింది."

"ఆసుపత్రి లిఫ్టా? ఇది ఎవరికి కావాలయ్యా?" అన్నారు ఓనరుగారు. అమ్మవైపు చూసి, "సరే, కానీ," అన్నారు.

"పది కాదు," అంది అమ్మ.

"నువ్వే పదింటికి అన్నావు కదమ్మా?"

"పదింటికి ఎక్కాం. చేరింది పదీ పావుకి. అచ్చులో పడేదాన్ని సరిగ్గా రాయొద్దూ?"

కొట్టేసి, పదీ పావు అని రాశాను. కలం ఎత్తకుండానే అడిగాను.

"మరి నేను?"

"పదీ నలభై," అంది అమ్మ, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.